యాంటీబాడీని కాలమ్‌లో పోసే ముందు శాంపిల్‌ను ఎలా తేర్చాలి?

నల్లగొండ వైపు పెరిగినవాళ్లకు నీళ్లు తేర్చడం కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్లలో సున్నం, పటిక కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైతేట వంచుకునే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు: నల్లగొండ టెక్నిక్. మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒకే లక్ష్యానికి అంటుకునే, ఒకే రకం ప్రొటీన్లు) శుద్ధిలోనూ, వాటిని పట్టుకునే పూసలు నింపిన గొట్టంలో, అంటే కాలమ్‌లో, పోసే ముందు సగం పని ఈ తేర్చడమే. ఇక్కడి పిల్లలకు ప్రాక్టికల్స్ చెప్పేటప్పుడు నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

హైబ్రిడోమా (యాంటీబాడీని తయారుచేసే కణాలు) కల్చర్ అయితే ముందు సెంట్రిఫ్యూజ్ చేయండి. 300 జీ (గురుత్వాకర్షణకు 300 రెట్లు) దగ్గర కణాలు దిగుతాయి. ఆ తేటను వేరే ట్యూబ్‌లోకి తీసి, 4 డిగ్రీల చల్లదనంలో 10,000 జీ దగ్గర మళ్లీ తిప్పితే కణాల ముక్కలు దిగుతాయి. తర్వాత 0.45, ఆపైన 0.22 మైక్రాన్ల ఫిల్టర్. పీఈఎస్ (పాలిఈథర్‌సల్ఫోన్) పొర వాడండి. నైట్రోసెల్యులోజ్ వద్దు, అది ప్రొటీన్‌ను పట్టేసుకుంటుంది. ట్యూబ్‌ను కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే వెనకున్న అక్షరాలు మసక లేకుండా కనిపించాలి. ఒకసారి తొందరలో ఫిల్టర్ చేయకుండానే పోశాను. కాలమ్ పైభాగాన బూడిదరంగు పొర కట్టి, చుక్క కిందికి దిగలేదు. యాంటీబాడీని పట్టుకునే ప్రొటీన్-ఏ పూసలు (రెజిన్) చాలా ఖరీదు, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

లీటర్ల కొద్దీ కల్చర్ ఉంటే అమ్మోనియం సల్ఫేట్ అనే ఉప్పుతో యాంటీబాడీని మడ్డిగా దించడం మేలు. దాని సంతృప్త ద్రావణాన్ని కల్చర్‌కు సమానంగా కొలిచి, చల్లగా ఉంచి, కలుపుతూ చుక్క చుక్కగా పోయండి. గబుక్కున పోస్తే పోసినచోట ఉప్పు ఎక్కువై అక్కర్లేని ప్రొటీన్లూ దిగుతాయి. యాంటీబాడీ మడ్డిలో ఉంటుంది, పారబోయకండి! కాప్రిలిక్ ఆమ్లం దీనికి తలకిందులు: పీహెచ్ 4.5 దగ్గర చెత్త దిగి, యాంటీబాడీ తేటలో మిగులుతుంది. సీరమ్‌కు బాగుంటుంది కానీ, ఆమ్లాన్ని తట్టుకోలేని యాంటీబాడీలకు వద్దు.

ఉప్పు వాడితే దాన్ని తీసేయాలి. డయాలసిస్‌కు (సన్న రంధ్రాల సంచిలో ఉంచి ఉప్పును బయటికి వదిలించడం) రాత్రంతా పడుతుంది, డీసాల్టింగ్ కాలమ్‌తో నిమిషాల్లో అయిపోతుంది. చివరికి శాంపిల్ బైండింగ్ బఫర్‌లో (యాంటీబాడీ పూసలకు అంటుకోవడానికి వీలైన ద్రావణం), పీహెచ్ 7.4 దగ్గర ఉండాలి. ఎలుక ఐజీజీ1 (ఐజీజీ అనే యాంటీబాడీలో ఒక ఉపరకం) అయితే ప్రొటీన్-ఏకు సరిగా అంటుకోదు, ప్రొటీన్-జీ తీసుకోండి.

లీటరు లోపు కల్చర్‌కు సెంట్రిఫ్యూజ్, ఫిల్టర్ చాలు అంటాను. దశలు పెరిగిన కొద్దీ యాంటీబాడీ తరుగుతుంది. కల్చర్‌లో ఆవుదూడ సీరమ్ ఉంటే దాని ఐజీజీ కూడా మడ్డిలోకి వస్తుంది, కాబట్టి సీరమ్ లేని మీడియంతోనే మొదలుపెట్టడం మంచిది. ప్రతి దశలో 50 మైక్రోలీటర్లు పక్కన పెట్టి, చివర్లో అన్నిటినీ ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసే ఒకే జెల్ మీద నడపండి. ఎక్కడ పోగొట్టుకున్నారో అందులో కనిపిస్తుంది.