సైకియాట్రీ వద్దనే కొత్త మతంలో మనవాళ్ళు చేరితే ఏం చేయాలి, ముందు ఏం కనుక్కోవాలి

మీ తమ్ముడో, భార్యో, ప్రాణ స్నేహితురాలో ఒక కొత్త ఆధ్యాత్మిక ఉద్యమంలో చేరి, కొన్నాళ్ళకి "సైకియాట్రీ అంతా బూటకం, మందులు ఆపేస్తున్నా" అన్నారనుకోండి. మన నోటికి వెంటనే వచ్చే మాట "నీకు బ్రెయిన్‌వాష్ చేశారు". ఆ మాట మాత్రం అనకండి, ఎందుకో తర్వాత చెప్తాను. ఈ "వద్దు" అనేది బయటికి అందరిదీ ఒకేలా వినిపిస్తుంది గానీ లోపల కారణాలు వేరు, ఒక్కో కారణానికి మాట్లాడే తీరు వేరు, అందుకే వాదన పెట్టుకునే ముందు కారణం తెలుసుకోవాలి.

అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. మందులు ఆపేశారా, ఎప్పటినుంచి, ఏ మందులు? క్లోనజిపామ్, లోరజిపామ్ లాంటి ఆందోళన తగ్గించే మందులు రోజూ వేసుకునేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం ఉన్నపళంగా మానేస్తే మేనియా, అంటే అదుపు లేని హుషారు, తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది, డిప్రెషన్ మందులు సడన్‌గా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో షాక్ కొట్టినట్టు అనిపించడం ఉంటాయి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, ఎందుకంటే ఆపడం వల్ల వచ్చిన ఈ బాధనే "చూశావా, ఒంట్లోంచి విషం పోతోంది" అని గుంపులో ఎవరో ఒకరు చెప్తారు, అది నిజమే అనిపిస్తుంది కూడా. కాబట్టి "మానొద్దు" అని పోట్లాడే బదులు "మానాలనుకుంటే డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించుకుంటూ మాను" అనండి. ఆ మాట వింటారు, ఎందుకంటే అందులో వాళ్ళ నమ్మకాన్ని తప్పుపట్టింది ఏమీ లేదు.

ఇప్పుడు కారణాలు. ముందు ఆ గుంపు మనసుకి తానే వైద్యం చేస్తానంటోందా అని చూడండి. అమెరికాలో పుట్టిన సైంటాలజీ అనే కొత్త మతాన్నే తీసుకోండి. దాన్ని పెట్టిన ఎల్. రాన్ హబ్బర్డ్ 1950లో డయానెటిక్స్ పుస్తకాన్ని మనసుకి సంబంధించిన కొత్త సైన్స్ అని తెచ్చాడు, మతం తర్వాత వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఆ దావాలకి ఆధారం లేదని తీర్మానం చేసింది. 1963లో వాషింగ్టన్‌లో మందుల్ని, వైద్య పరికరాల్ని తనిఖీ చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ సైంటాలజీ వాళ్ళ ఈ-మీటర్లని పట్టుకుపోయింది. ఈ-మీటర్ అంటే మనిషి చేతుల్లో రెండు లోహపు డబ్బాలు పెట్టి, చర్మంలో కరెంట్‌కి ఎంత అడ్డు ఉందో సూదితో చూపించే పరికరం, ఎదుటివాడు గతం గురించి ప్రశ్నలు అడుగుతూ ఆ సూది ఎక్కడ కదిలిందో చూస్తుంటాడు. అంటే ఒక మనిషి కూర్చుని తన భయాలు చెప్పుకుంటాడు, ఇంకో మనిషి వింటాడు, దానికి ఫీజు ఉంటుంది. సైకియాట్రిస్ట్ గదిలో జరిగేది కూడా దాదాపు అదే. ఒకే పని ఇద్దరూ చేస్తామంటున్నప్పుడు శత్రుత్వం రాకుండా ఎలా ఉంటుంది? మీవాళ్ళని మామూలుగా అడగండి, "అక్కడ బాధ వస్తే ఎవరికి చెప్పుకుంటావు, దానికి డబ్బు కట్టాలా, నువ్వు చెప్పింది రాసి పెట్టుకుంటారా?" ఆ జవాబులోనే చాలా తెలిసిపోతుంది.

రెండో కారణం చరిత్ర, ఇక్కడ ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి. మెదడులో కొన్ని నరాల్ని తెంచేసే లోబోటమీ అనే ఆపరేషన్ కనిపెట్టినందుకు ఈగాస్ మోనిజ్‌కి 1949లో నోబెల్ ఇచ్చారు. అమెరికన్ సైకియాట్రీ 1973 దాకా స్వలింగ సంపర్కాన్ని జబ్బుల లిస్టులో ఉంచింది. సిడ్నీలో చెల్మ్స్‌ఫర్డ్ అనే ప్రైవేట్ ఆసుపత్రిలో పేషెంట్లని మత్తుమందులతో రోజుల తరబడి నిద్రపుచ్చారు, 20 మందికి పైగా చనిపోయారు, దాని మీద రాయల్ కమిషన్ అనే ప్రభుత్వ విచారణ వేయించడానికి గట్టిగా పట్టుబట్టినవాళ్ళలో సైంటాలజీ వాళ్ళు పెట్టిన సంస్థ కూడా ఉంది. ఆ సంస్థని 1969లో పెట్టినప్పుడు కలిసొచ్చినవాడు థామస్ సాస్, తను స్వయంగా సైకియాట్రిస్ట్, సైంటాలజిస్ట్ కాదు. ఇవన్నీ నిజాలు, "అవన్నీ కట్టుకథలు" అని కొట్టిపారేస్తే మీరే అబద్ధాలకోరు అవుతారు. "అవును, అలా జరిగింది, ఘోరం, కానీ ఇప్పుడు నీకు ఇస్తున్న ఈ మందు సంగతేంటి, దాంతో నీకేమైంది?" అని ఇవాళ్టికి తీసుకురండి.

మూడోది, సైకియాట్రీని నిజంగానే ఇలాంటి గుంపుల మీద వాడారు. కాలిఫోర్నియాలో, కొరియాలో పుట్టిన యూనిఫికేషన్ చర్చి అనే కొత్త మతంలో చేరిన ఐదుగురు పెద్దవాళ్ళని, పిల్లల్ని కాదు, తల్లిదండ్రులు కోర్టుకి వెళ్ళి తమ సంరక్షణలోకి తెచ్చుకున్నారు, మానసిక నిపుణులు వచ్చి వాళ్ళ మనసు వాళ్ళ చేతిలో లేదన్నట్టు సాక్ష్యం చెప్పారు, 1977లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. సోవియట్ యూనియన్‌లో 1980ల మొదట్లో హరే కృష్ణ భక్తుల్ని పిచ్చాసుపత్రుల్లో పెట్టారు. చైనాలో ఫాలున్ గాంగ్ అనే ధ్యాన ఉద్యమం వాళ్ళకీ అదే జరిగిందని మానవ హక్కుల సంస్థలు బయటపెట్టాయి. ఈ కథలు గుంపుల్లో బాగా తిరుగుతాయి. అందుకే బ్రెయిన్‌వాష్ అన్న మాట వద్దన్నాను, మీరు ఆ మాట అనగానే వాళ్ళ దృష్టిలో మీరు ఆ కోర్టుకెళ్ళిన తల్లిదండ్రులైపోతారు, ఇక తలుపు మూసుకున్నట్టే.

నాలుగోది అన్నిటికన్నా సున్నితం. "నాకు వినిపించేది దైవం మాట, మందు వేసుకుంటే అది ఆగిపోతోంది." ఆ మనిషికి అది జబ్బు తగ్గడం కాదు, దేవుడు దూరమవడం. దీనికి "అది భ్రమ" అని జవాబిస్తే ఏ ఉపయోగం లేదు. 1994లో వచ్చిన డీఎస్ఎమ్-4లో, అంటే అమెరికన్ సైకియాట్రిస్టుల జబ్బుల లిస్టులో, మత, ఆధ్యాత్మిక సమస్య అని జబ్బు కాని ఒక వర్గాన్ని కూడా పెట్టారు, అంటే ప్రతి దర్శనమూ రోగం కాదని సైకియాట్రిస్టులే ఒప్పుకున్నారు. మీరు అనుభవం జోలికి పోకుండా దాని చుట్టూ అడగండి. రాత్రి నిద్ర పడుతోందా, తింటున్నావా, ఆ గొంతు ఓదారుస్తోందా లేక ఏదైనా చేయమని హుకుం జారీ చేస్తోందా, దానికి లొంగకపోతే భయమేస్తోందా, మీ గుంపులో పెద్దవాళ్ళకి చెబితే వాళ్ళేమన్నారు? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి, ఎందుకంటే చాలాసార్లు వాళ్ళ గుంపులోవాళ్ళకే అది తేడాగా అనిపిస్తుంది, అప్పుడు వాళ్ళే మీకు తోడొస్తారు.

ఇంకోటి, అధికారం. బయటి డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడితే మనిషికి అనుమానాలు పుడతాయి, కొన్ని గుంపులకి అదే ఇబ్బంది. సింపుల్‌గా, "మీ లీడర్‌కి చెప్పకుండా డాక్టర్‌ని కలవొచ్చా?" అని అడగండి. కలవకూడదు అంటే మీరు ఆందోళన పడాల్సిన విషయమే.

రూల్ అసలు ఎక్కడ రాసుందో కూడా చూపించమనండి. గుంపు అధికారికంగా చెప్పేదీ, తోటి సభ్యుడు ఉత్సాహంలో చెప్పేదీ ఒకటి కాకపోవచ్చు. రాతలో "డాక్టర్ సలహా మానొద్దు" అని ఉంటే ఆ కాగితమే మీకు పెద్ద సాయం.

చచ్చిపోవడం గురించి మాట్లాడినా, వరసగా కొన్ని రాత్రులు అసలు నిద్రపోకపోయినా, తిండి నీళ్ళు మానేసినా, ఎవరినైనా కొట్టమని గొంతు చెబుతోందన్నా ఇక ఈ ప్రశ్నలన్నీ పక్కన పెట్టండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, వాళ్ళకి కోపం వస్తే తర్వాత పోగొట్టుకోవచ్చు.

అంత లేకపోతే మాటలు కొనసాగిస్తూ పక్కన ఒక కాగితం పెట్టుకోండి: ఏ మందు, ఎంత డోసు, ఏ తేదీన ఆపారు, ఆపాక ఏ రోజు ఏం మారింది. వాళ్ళకి తెలిసేలానే రాయండి, చాటుగా కాదు. ఎప్పుడైనా డాక్టర్ దగ్గరికి వస్తామన్నారంటే ముందు ఆ కాగితం చేతికివ్వండి. మతం గురించి డాక్టర్‌కి ఏం చెప్పాలో మాత్రం వాళ్ళనే చెప్పుకోనివ్వండి.