మోడల్ రైల్వే పాఠాలు – 5: ప్యానెల్ లైటు ఎవరి మాట చెబుతోంది?

ఈసారి కంప్యూటర్ ప్యానెల్ మొదలుపెట్టాలి. కానీ నాలుగో పాఠం చేసినవాళ్లలో చాలామందికి పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోటు) ఒక వైపు పడి, మళ్లీ వెనక్కి రావడం లేదు. ముందు అది తేల్చేద్దాం.

ఆ పాఠంలో, పాయింటును కదిపే టార్టాయిస్ మోటారుకు వెళ్లే ఒక వైరును తెంచి, మధ్యలో రెండు ఎల్‌ఈడీలను పక్కపక్కన, ఒకదానికొకటి తలకిందులుగా కలపమన్నాం. ఆ తలకిందులు తప్పనిసరి. రెండూ ఒకే దిశలో పెట్టినా, ఒక్కటే పెట్టినా, ఒకటి కాలిపోయినా కరెంటు ఒక వైపే పోతుంది, మోటారూ ఒక వైపే తిరుగుతుంది. వైరు ముక్కతో ఎల్‌ఈడీల రెండు కొసలూ కలిపి చూడండి. అప్పుడు మోటారు రెండు వైపులా తిరిగితే తప్పు ఎల్‌ఈడీల్లోనే ఉంది.

దీనికి రెసిస్టర్ ఎందుకు వద్దంటే, 12 వోల్టుల దగ్గర ఈ మోటారు తిరిగేటప్పుడు 4 మిల్లీఆంపులు, చివరికొచ్చి ఆగాక 16 మిల్లీఆంపులు మాత్రమే తీసుకుంటుంది. కరెంటుకు అడ్డుకట్ట మోటారే. అందుకే లైటు మొదట మసగ్గా వెలిగి, మోటారు ఆగాక కాంతి పెంచుకుంటుంది.

ఆ కాంతి చూసి పాయింటు పడిందని నమ్మకండి. అది చెప్పేది కరెంటు ఏ దిశలో పోతోందన్నది ఒక్కటే, అంటే డీకోడర్ (మన ఆజ్ఞను మోటారుకు అందించే బోర్డు) ఏ ఆజ్ఞ ఇచ్చిందన్నది. మోటారు అడుగున బిగించిన స్క్రూ వదులై పక్కకు జారినా లైటు అలాగే వెలుగుతుంది.

మరి మోటారులోని కాంటాక్టులు (మోటారు చెయ్యితోపాటు మారే స్విచ్చులు)? అవి ఒక మెట్టు నయం, మోటారు చెయ్యి నిజంగా కదిలిందని చెబుతాయి. కానీ టంగ్ రైలు (పాయింటులో పక్కకు కదిలే పట్టా) సంగతి వాటికీ తెలియదు. టంగ్ రైలుకూ, అది అంటుకోవాల్సిన కదలని పట్టా స్టాక్ రైలుకూ మధ్య బాలాస్ట్ (కంకర) గింజ ఒకటి ఇరుక్కుందనుకోండి. మోటారు చెయ్యి చివరిదాకా పోతుంది. మోటారు కదలికను టంగ్ రైలుకు అందించే 0.025 అంగుళాల స్ప్రింగ్ తీగ విల్లులా వంగుతుంది. కాంటాక్టు మారుతుంది, ప్యానెల్ మీద ఆకుపచ్చ వెలుగుతుంది. టంగ్ రైలు మాత్రం అర మిల్లీమీటరు ఎడంగా నిలబడి ఉంటుంది. వచ్చే బండి చక్రపు అంచు ఆ సందులో దూరి పట్టాలు తప్పుతుంది. ఆజ్ఞ, మోటారు, టంగ్ రైలు: ఈ మూడింటిలో మీ లైటు దేని తరఫున మాట్లాడుతోందో ప్రతి పాయింటుకూ రాసిపెట్టుకోండి.

ఈ పాఠంలో రెండో మెట్టు ఎక్కుదాం. టార్టాయిస్‌కు 8 పిన్నులు. 1, 8 మోటారువి. 4 ఉమ్మడిగా 2, 3 ఒక కాంటాక్టు. 5 ఉమ్మడిగా 6, 7 రెండోది. రెండోదాన్ని ఫ్రాగ్‌కు (పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు) వదిలేయండి. మొదటిదాన్లో 4వ పిన్నును 12 వోల్టుల డీసీ అడాప్టర్ నెగెటివ్‌కు, 2, 3 పిన్నులను ఎల్‌ఈడీల పొట్టి కాళ్లకు ఇవ్వండి. పొడుగు కాళ్లు రెండూ కలిపి, ఒకే వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా పాజిటివ్‌కు. ఒకసారి ఒక్కటే వెలుగుతుంది కాబట్టి ఒక రెసిస్టర్ చాలు, సుమారు 10 మిల్లీఆంపులు పోతాయి. పట్టాల కరెంటు వాడొద్దు. ఎక్కడైనా షార్ట్ అయితే పట్టాలకు కరెంటిచ్చే బూస్టర్ ఆగిపోతుంది. తప్పు వెతకాల్సిన ఆ నిమిషంలోనే ప్యానెల్ చీకటైపోతుంది.

తారుమారైనప్పుడు అందరూ 1, 8 మారుస్తున్నారు. లైటు టంగ్ రైలుకు ఎదురు చెబితే 2, 3 మార్చండి. ఫ్రాగ్ మీదికి ఇంజిన్ రాగానే షార్ట్ అయితే 6, 7 మార్చండి. ఆజ్ఞకు పాయింటు ఎదురు తిరిగితేనే 1, 8.

ఇక జేఎమ్‌ఆర్‌ఐ. మోడల్ రైల్వేను కంప్యూటర్ నుంచి నడిపే ఈ ప్రోగ్రాములో టర్నౌట్ (పాయింటు) పట్టికలో ఫీడ్‌బ్యాక్ 'డైరెక్ట్' అని ఉంటే తెర కూడా ఆజ్ఞనే తిరిగి చూపిస్తుంది. ఎన్‌సీఈ కంపెనీ కంట్రోల్ సిస్టమ్ వాడేవాళ్లు ఏఐయూ బోర్డు (కాంటాక్టుల స్థితిని కంప్యూటర్‌కు చేర్చేది) పెట్టుకోండి, 14 ఇన్‌పుట్‌లు ఉంటాయి. సెన్సర్ నంబరు లెక్క: బోర్డు చిరునామాలోంచి 1 తీసేసి, 16తో హెచ్చించి, పిన్ను నంబరు కలపాలి. చిరునామా 5, పిన్ను 1 అయితే 65. ఎల్‌ఈడీలున్న కాంటాక్టునే దీనికీ కలిపితే 12 వోల్టులు ఇన్‌పుట్‌లోకి పోతాయి, కాబట్టి లైటో బోర్డో ఒకటే ఎంచుకోండి. రెండూ కావాలంటే ఫ్రాగ్‌కు ఫ్రాగ్ జ్యూసర్ (ఫ్రాగ్ కరెంటును తనంతట తానే మార్చే బోర్డు) పెట్టి రెండో కాంటాక్టును ఖాళీ చేసుకోవడం మేలు.

ఒకే సెన్సర్ (పాయింటుకు ఒక ఇన్‌పుట్) పద్ధతిలో వైరు తెగితే కంప్యూటర్ దాన్ని 'క్లోజ్డ్' (తిన్నటి దారి) అనే చదువుతుంది. రెండు సెన్సర్ల పద్ధతిలో రెండూ మూగబోతాయి కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. ఇన్‌పుట్‌లు రెట్టింపు ఖర్చైనా మెయిన్ లైన్ పాయింట్లకు రెండే పెట్టండి, యార్డులో ఒకటి చాలు.

అభ్యాసం: భారతీయ రైల్వేలో పాయింటును పరీక్షించేటప్పుడు టంగ్ రైలుకూ స్టాక్ రైలుకూ మధ్య 5 మిల్లీమీటర్ల ముక్క పెడతారు, అప్పుడు పాయింటు పడినట్టు చూపకూడదు. హెచ్‌ఓ స్కేలుకు (87వ వంతుకు) కుదిస్తే అది మామూలు కాగితంకన్నా పలుచన, కాబట్టి విజిటింగ్ కార్డు ముక్క వాడండి. మీ లేఔట్‌లో ప్రతి పాయింటుకూ, రెండు వైపులా, ముక్క పెట్టి పాయింటు వేయండి. లైటు, తెర, టంగ్ రైలు ఏం చెప్పాయో మూడు గడుల్లో రాయండి. మూడో గడి మొదటి రెంటితో కలవదు. తర్వాత ముక్క తీసి, టంగ్ రైలు తనంతట తాను స్టాక్ రైలుకు అంటుకుందా చూడండి. అంటుకోని చోట 0.032 అంగుళాల తీగ వేసి మళ్లీ పరీక్షించండి. ఈ పట్టిక పూర్తయ్యాకే ఆరో పాఠం మొదలుపెట్టండి. అందులో టై బార్ (రెండు టంగ్ రైళ్లనూ కలిపే పట్టీ) దగ్గర మైక్రోస్విచ్ బిగిస్తాం.