పాత ఆటల పాటలు, 4వ పాఠం: మిడి ఫైలు తల కోయొద్దు

పోయిన పాఠంలో ఆటలోంచి పాటను మిడి ఫైలుగా లాగాం. అది చేసినవాళ్లందరిదీ ఒకటే మాట: పాట బయటికొచ్చింది, కానీ ఆటలో విన్నట్టు లేదు. నిన్న ఒకబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని బైరాగిపట్టెడలో మా ఇంటికే వచ్చాడు. తప్పు మీది కాదు, నేను చెప్పాల్సింది చెప్పలేదు.

మిడిలో శబ్దం ఉండదు, ఏ నంబరు వాద్యం ఏ స్వరం పలకాలో మాత్రమే ఉంటుంది. స్పేస్ క్వెస్ట్ 3 లాంటి సియెర్రా ఆటల సంగీతం 1987లో వచ్చిన రోలాండ్ ఎంటీ-32 అనే, మిడి విని వాద్యాలు పలికించే పెట్టెను దృష్టిలో పెట్టుకుని చేసింది. మీ కంప్యూటర్ వాడేది ఏ నంబరు ఏ వాద్యమో చెప్పే 1991 నాటి జనరల్ మిడి పట్టిక. ఎంటీ-32లో 64వది సితార్, జనరల్ మిడిలో 64 అంటే సింథ్ బ్రాస్, సితార్ ఎక్కడో 105లో కూర్చుంది. పైగా ఆట మొదలవగానే తన సొంత వాద్యాలను సిస్‌ఎక్స్ (ఆ పెట్టెకు మాత్రమే అర్థమయ్యే) సందేశాలుగా ఆ పెట్టెలోకి పంపుతుంది. మనం పాట ఒక్కటే లాగాం, అవి ఆటలోనే ఉండిపోయాయి.

అందుకే ఈసారి దారి మారుద్దాం. ఆట ఇన్‌స్టాల్ ప్రోగ్రాంలో రోలాండ్ ఎంటీ-32 ఎంచుకోండి. డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ఆటలను ఇప్పటి కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రాం) ఆట పేరు కొట్టకముందే కంట్రోల్-ఆల్ట్-ఎఫ్8 నొక్కి, తర్వాత ఆట మొదలుపెట్టండి. పాట అయ్యాక మళ్లీ అవే మీటలు. క్యాప్చర్ ఫోల్డర్‌లో మిడి ఫైలు ఉంటుంది. ఎంటీ-32 పెట్టెను కంప్యూటర్‌లోనే అనుకరించే ప్రోగ్రాం మంట్. దాన్ని తయారుచేసినవాళ్ల ఎస్ఎంఎఫ్2వేవ్‌కి ఆ మిడి ఫైలు ఇస్తే, నిజంగా శబ్దం ఉన్న వేవ్ ఫైలు వస్తుంది. మంట్‌కి ఎంటీ-32 రోమ్ ఫైళ్లు పెట్టడం రెండో పాఠంలోనే అయిపోయింది.

ఇక్కడే అందరూ పడే గుంత ఉంది. ఆ మిడి మొదట్లో కొన్ని సెకన్లు ఏమీ వినిపించదు. ఖాళీయే కదా అని ఎడిటర్‌లో కోసేస్తారు. అది ఖాళీ కాదండీ! గోవిందరాజస్వామి గుడిలో మేళంవాళ్లు వాయించేముందు శ్రుతి చూసుకుని డోలు వార్లు బిగించుకుంటారే, అలాంటి టైము అది. సిస్‌ఎక్స్ అంతా అక్కడే ఉంది. ఆ ముక్క కోస్తే మళ్లీ పోయిన వారం గోలే. ఎడిటర్‌లో తెరిచి ‘సేవ్’ కూడా కొట్టొద్దు, కొన్ని ఎడిటర్లు చెప్పకుండానే సిస్‌ఎక్స్ తీసేస్తాయి. కోయాలంటే వేవ్ అయ్యాక ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో కోయండి.

నేనైతే నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫ్లాక్‌లోనే దాస్తాను. ఎంటీ-32 పనిచేసేదే 32,000 హెర్ట్జ్ శాంపిల్ రేటులో కాబట్టి 96,000 పెట్టి ఫైలు ఉబ్బించడం దండగ.

అభ్యాసం: ఒకే పాటను పాత పద్ధతిలో, ఈ పద్ధతిలో తీసి, హెడ్‌ఫోన్స్‌తో పక్కపక్కన విని, ఏ మిడి ఛానెల్‌లో ఏ వాద్యం మారిందో ఎంటీ-32 వాయించే తొమ్మిది ఛానెళ్లకూ కాగితం మీద రాయండి. ఒక సాయంత్రం పడుతుంది.