వెన్న లేని కుకీలు, క్యారమెల్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

అన్నిటికన్నా ముందు చూసుకోవలసిన సమస్య రుచిది కాదు. పాలు వాడలేదు, అయినా పాలు పడని వ్యక్తికి దద్దుర్లు వచ్చాయి. కారణం చాలాసార్లు కొన్న సరుకులోనే ఉంటుంది. కొన్ని మార్గరిన్‌లలో వే (పాలు విరిగినప్పుడు వేరుపడే నీటి భాగం) ఉంటుంది. డార్క్ చాక్లెట్‌లోనూ పాల అంశ ఉండవచ్చు. లేబుల్ మీద కేసిన్, కేసినేట్ (పాల ప్రోటీన్లు), వే, లాక్టోజ్ (పాలలోని చక్కెర), పాలపొడి వంటి మాటలు కనిపిస్తే పక్కన పెట్టండి. ‘లాక్టోజ్ లేనిది’ అని రాసి ఉన్నవి కూడా పాలతో చేసినవే కావచ్చు. అలర్జీ ఉన్నవారికి అవి పనికిరావు. ట్రేలు, గరిటెలు సబ్బుతో శుభ్రంగా కడిగాకే పని మొదలుపెట్టండి.

ఇక మిగతా చిక్కులన్నిటికీ మూలం దాదాపు ఒక్కటే. వెన్నలో 80 శాతం దాకా కొవ్వు, 16 నుంచి 18 శాతం నీరు, కొద్దిగా పాల ఘనపదార్థాలు ఉంటాయి. మనం సాధారణంగా కొవ్వుకు మాత్రమే బదులు వెతికి, మిగతా రెండింటినీ మరిచిపోతాం.

కుకీలు పల్చగా పరుచుకుని ఒకదానికొకటి అతుక్కున్నాయి

కొబ్బరి నూనె 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. పిండి గట్టిపడేలోపే అది జారిపోతుంది. పైగా అది పూర్తిగా కొవ్వే. అందుకే 100 గ్రాముల వెన్నకు బదులుగా 80 గ్రాముల నూనె, ఒక టేబుల్ స్పూను సోయా పాలు వేయండి. ముద్దను అరగంట నుంచి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. రెండో వాయిని వేడి ట్రే మీద పెట్టకండి.

కుకీలు ఉడికాయి, కానీ పాలిపోయి ఉన్నాయి

రంగు తెచ్చే పాల ప్రోటీను, లాక్టోజ్ లేవు. రంగు కోసం ఎక్కువసేపు కాలిస్తే ఎండిపోతాయి. సోయా పాలలో ప్రోటీను ఉంటుంది కాబట్టి పైన పల్చగా పూయండి. కొంత చక్కెర బదులు బ్రౌన్ షుగర్ వేసినా రంగు తేరుతుంది.

క్యారమెల్ నూనె విడిచింది

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. గిన్నె అంచు చుట్టూ బంగారు రంగు నూనె నిలిచింది, మధ్యలో ముద్ద తోలులా సాగుతోంది. పారబోయబోయి ఆగాను. మంట బాగా తగ్గించి, ఒక్కొక్క స్పూను చొప్పున వేడి నీళ్ళు పోస్తూ కలిపాను. మూడో స్పూనుకు నూనె మళ్ళీ లోపలికి ఇంకి, క్యారమెల్ నిగనిగలాడింది. నూనెనూ పాకాన్నీ కలిపి ఉంచే పాల ఘనపదార్థాలు లేకపోవడం, మంట ఒక్కసారిగా పెంచడం దీనికి కారణాలు. తర్వాతిసారి నూనె ఒక్కటే కాకుండా చిక్కటి కొబ్బరి పాలు వాడండి, నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచే లెసిథిన్ చిటికెడు కలపండి. నీళ్ళు చేరితే పాకం లేతబడుతుంది కాబట్టి మళ్ళీ 118 డిగ్రీల దాకా మరిగించాలి. థర్మామీటరు లేకపోతే చల్లటి నీళ్ళలో ఒక చుక్క వేసి చూడండి. వేళ్ళతో కాస్త గట్టి ఉండ కట్టగలిగితే చాలు.

క్యారమెల్ పలుకులు కట్టింది

గిన్నె గోడలకు అంటిన చక్కెర మళ్ళీ పాకంలో పడింది. నీళ్ళు పోసి పూర్తిగా కరిగించి, కొద్దిగా నిమ్మరసమో గ్లూకోజ్ సిరప్పో వేసి మళ్ళీ మరిగించండి. మరుగుతున్నంతసేపు గరిటె పెట్టకండి. తడి బ్రష్‌తో గోడలు తుడవండి.

చాక్లెట్ మీద తెల్లటి చారలు

కరిగిన చాక్లెట్‌లోని కోకో కొవ్వు సరిగ్గా గడ్డకట్టకపోతే ఇవి వస్తాయి. డార్క్ చాక్లెట్‌ను 45–50 డిగ్రీలకు కరిగించి, 27–28కి చల్లార్చి, మళ్ళీ 31–32కి తెచ్చి వాడితే మెరుపు నిలుస్తుంది.

కరిగించిన చాక్లెట్ ముద్దకట్టింది

ఆవిరి లేదా తడి గరిటె నుంచి ఒక్క చుక్క నీరు పడినా ఇలా అవుతుంది. ఇప్పుడు విచిత్రంగా ఇంకొంచెం తడే మందు. 60 గ్రాముల చాక్లెట్‌కు కనీసం ఒక టేబుల్ స్పూను వేడి కొబ్బరి పాలు పోసి గట్టిగా కలపండి. పైపూతకు ఇక పనికిరాదు కానీ, చల్లారాక ఉండలు చేసి కోకో పొడిలో దొర్లిస్తే మెత్తటి ట్రఫుల్స్ అవుతాయి.