యూనియన్ ఎన్నికల్లో యూనియన్ సొమ్ము: ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చిన్నాచితకా యూనియన్లలో ఎన్నికలొస్తే నన్ను ఎన్నికల అధికారిగా పిలుస్తుంటారు. ఆర్టీసీ డిపోలో అకౌంట్స్ చూసి రిటైరైనవాణ్ణి, ఏ ప్యానెల్‌తోనూ చుట్టరికం లేదు, అదీ నా అర్హత. నేను తీర్చిన తగాదాల్లో ఓట్ల లెక్కింపులో పుట్టినవి తక్కువ. ఎక్కువ భాగం ఆఫీసు జిరాక్సు మిషను దగ్గర పుట్టినవే.

కాబట్టి నామినేషన్ల తేదీ ప్రకటించకముందే కార్యవర్గాన్ని కూర్చోబెట్టి మినిట్స్ బుక్కులో ఒక తీర్మానం రాయించండి. సభ్యుల చందాతో కొన్నది, చందాతో నడిచేది ఏదైనా సరే, ఒక అభ్యర్థి గెలుపు కోసం వాడకూడదు. ఇస్తే అందరికీ ఒకే లెక్కన ఇవ్వాలి. అందరి చేతా సంతకాలు పెట్టించండి. నామినేషన్లు పడ్డాక ఈ మాట ఎత్తితే ఎవరో ఒకరికి పక్షపాతంలాగే వినిపిస్తుంది.

చట్టం ఏమంటుందని అడుగుతారు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సెక్షన్ 15లో సాధారణ నిధిని ఏయే పనులకు ఖర్చు పెట్టొచ్చో జాబితా ఇచ్చింది. సిబ్బంది జీతాలు, ఆడిట్, కోర్టు ఖర్చులు, సభ్యుల సహాయం లాంటివి ఉన్నాయి. ఫలానా అభ్యర్థి కరపత్రం ఖర్చు లేదు. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కిందా సాధారణ నిధిని నిర్దేశించిన పనులకే వాడాలి. అమెరికాలో ఇంకా సూటిగా రాసుకున్నారు. 1959 నాటి ల్యాండ్రమ్-గ్రిఫిన్ చట్టం ప్రకారం యూనియన్ సొమ్ము గానీ యజమాని సొమ్ము గానీ ఏ అభ్యర్థి ప్రచారానికీ వాడరాదు. దానివల్ల ఫలితం తారుమారై ఉండొచ్చని తేలితే ఎన్నిక రద్దయి, ప్రభుత్వ పర్యవేక్షణలో మళ్లీ జరుగుతుంది. నా తీర్మానానికి మూలం అదే.

సొమ్ము అనగానే అందరూ నగదు పెట్టె వైపు చూస్తారు. దానికి ఓచర్లుంటాయి, పట్టుకోవడం తేలిక. లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు, మైకు సెట్టు, ఆఫీసు తాళంచెవి, గుమాస్తా పని గంటలు కూడా సొమ్మే. వీటికి ఓచరుండదు.

క్యాలెండరు సంగతి చెప్తాను. మన దగ్గర జనవరి వస్తే ప్రతి యూనియనూ క్యాలెండరు వేస్తుంది. పైన వేంకటేశ్వర స్వామి, కింద చేతులు జోడించిన నాయకులు. ఏటా వేసేదే, తప్పు లేదు. చిత్తూరు బెల్లం మండీ హమాలీల యూనియన్ ఒకదానిలో ఎన్నిక ఫిబ్రవరిలో పడింది. ఏటా స్టాంపు సైజులో ఉండే ప్రధాన కార్యదర్శి ఫొటో ఆ ఏడు స్వామి ఫొటోకు పోటీగా పెరిగింది. ఓట్లు పడేదాకా కట్టలు విప్పొద్దన్నాను. "స్వామి క్యాలెండరు ఆపుతావా సార్, పాపం తగలదా?" అన్నాడు. "స్వామిని కాదన్నా, నిన్ను ఆపుతున్నా" అన్నాను. ఏటా వేసేదైనా ఈసారి ఎప్పుడు వేశారు, ఎవరిని పొగిడారు, ఎంతమందికి పంచారు అని చూడండి. యూనియన్ పత్రికకూ ఇదే కొలత.

ఇప్పుడు అసలు తలనొప్పి వాట్సాప్ గ్రూపు. తిరుపతిలో ఒక హోటల్ కార్మికుల యూనియన్లో గ్రూపు అడ్మిన్ తన ప్యానెల్ ఫొటో రోజూ గుడ్ మార్నింగ్‌తో కలిపి పెట్టేవాడు. అవతలివాళ్లు పెడితే "ఇది యూనియన్ గ్రూపు, ప్రచారం వద్దు" అని తీసేసేవాడు. అందుకే నామినేషన్ల రోజునే గ్రూపును అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చి, పోటీలో ఉన్నవాళ్లను అడ్మిన్లుగా తీసేయించి, ఎన్నికల అధికారిని అడ్మిన్ చేయించండి. తర్వాత ఒకే రోజు, బ్యాలెట్‌లో పేర్లున్న వరుసలో, ఒక్కో అభ్యర్థిదీ ఒక్కో మెసేజ్ వెళ్లాలి. ఇన్ని పదాలని ముందే చెప్పండి.

సభ్యుల జాబితా ఇంకా సున్నితమైనది. మూడేళ్లు పదవిలో ఉన్నవాడి ఫోన్లో అందరి నంబర్లూ ఉంటాయి, చెరిపేయమనలేం. కొత్తగా నిలబడ్డవాడికి పక్క డిపార్టుమెంటులో ఎవరున్నారో కూడా తెలీదు. జాబితా చూసే హక్కు సభ్యుడికి పాత చట్టం సెక్షన్ 20లోనే ఉంది. ఆఫీసులో టేబుల్ మీద పెట్టి, టైము చెప్పి, అభ్యర్థులందరినీ చూసుకోనివ్వండి. ఫొటోలు మాత్రం తీయనివ్వొద్దు, అందులో నంబర్లుంటాయి. కరపత్రం పోస్టులో పంపాలని ఎవరైనా అడిగితే కవర్లు, స్టాంపుల డబ్బు ఆ అభ్యర్థి దగ్గరే తీసుకుని యూనియన్ తరఫున పంపండి. ఎవరికైనా ఒకే రేటు, రసీదు తప్పనిసరి.

పదవిలో ఉన్నవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోవాలని కాదు. సస్పెండైన కార్మికుడి కేసు మీద కార్యదర్శి తిరుపతి నుంచి చిత్తూరు లేబర్ ఆఫీసుకు వెళ్తే బస్సు చార్జీ యూనియనే ఇవ్వాలి. దారిలో పూతలపట్టులో దిగి సాయంత్రం దాకా ఓట్లడిగితే ఆ పూట ఖర్చు ఆయనది. జీతం తీసుకునే గుమాస్తా ప్రచారం చేయదలిస్తే సెలవు చీటీ పెట్టాలి, ఆఫీసు బండి ముట్టుకోకూడదు.

యజమాని సాయం తీసుకోవడం నా దృష్టిలో ఇంకా పెద్ద తప్పు. మండీ వ్యాపారి ఒక ప్యానెల్‌కు టెంపో ఇచ్చినా, హోటల్ ఓనరు ఒకరికే హాలు ఇచ్చినా రేపు వేతనాల చర్చలో దాని వడ్డీ వసూలు చేస్తాడు. వచ్చిన రోజే వెనక్కి పంపించండి.

ఎన్నికల నోటీసులు, బ్యాలెట్ పేపర్లు, పోలింగ్ రోజు అందరికీ టీ టిఫిను, ఇవన్నీ నిధి నుంచే పెట్టుకోవచ్చు. వాదన అక్కర్లేదు.

ఫిర్యాదు వస్తే నోటిమాటగా తీసుకోవద్దు. తేదీ, వస్తువు, చూసినవాళ్లు ఎవరు అని రాయించుకుని, రెండు పక్షాలనూ పిలిచి, జవాబు కూడా కాగితం మీదే ఇవ్వండి. తప్పు జరిగిందని తేలితే మూడు దారులున్నాయి: ఆ ఖర్చు యూనియన్‌కు కట్టించడం, అవతలివాళ్లకూ అదే అవకాశం ఇవ్వడం, ఫలితాన్నే మార్చేంతది అయితే జనరల్ బాడీలో పెట్టి మళ్లీ ఎన్నిక అడగడం. అక్కడా తేలకపోతే, కొత్త కోడ్ ప్రకారం యూనియన్ ఎన్నికల వివాదాలు పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్తాయి. అక్కడ మీ మాట కన్నా ఓచర్లు, గ్రూపు స్క్రీన్‌షాట్లు, బ్యాలెట్ కట్టలే మాట్లాడతాయి. అమెరికా చట్టం ఎన్నికల కాగితాలను ఏడాది దాచమంటుంది. నేనూ అంతే దాచమంటాను: రెండు ప్యానెళ్ల సంతకాలతో సీలు వేసి, ఓడినవాళ్లు ఒప్పుకున్న మనిషి బీరువాలో.