అప్లై చేసినా పిలుపు రావట్లేదా? ముందు ఇవి చూసుకోండి

రెజ్యూమె ఎలా తయారుచేయాలి, నౌకరీ వెబ్‌సైట్లో ప్రొఫైల్ ఎలా తెరవాలి అనేవి ఇక్కడ చెప్పను. అవి మీకు వచ్చనే అనుకుంటున్నాను. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి డిగ్రీ, బీటెక్ అయిపోయి నా దగ్గరికి వచ్చే పిలకాయలు ఏమని చెబుతారో, దాని వెనక నిజంగా ఏముంటుందో రాస్తున్నాను.

"ఎన్నో చోట్ల పెట్టాను సార్, ఒక్క ఫోనూ రాలేదు"

మీ ప్రొఫైల్లో ఉన్న నంబరుకు ముందు పక్కవాళ్ల ఫోన్ నుంచి రింగ్ ఇవ్వండి. నవ్వకండి, ఇచ్చి చూడండి. కాలేజీ రోజుల్లో పెట్టిన సిమ్ రీఛార్జి లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. రెజ్యూమెలో కొత్త నంబరు వేసుంటారు, ప్రొఫైల్లో మాత్రం పాతదే ఉంటుంది. అవతలివాళ్లు చాలాసార్లు ప్రొఫైల్లో కనిపించే నంబరుకే చేస్తారు.

నంబరు సరిగ్గానే ఉంటే కాల్ లిస్టు తీయండి. 044తో మొదలైతే చెన్నై, 040 అయితే హైదరాబాద్, 080 అయితే బెంగళూరు. తెలియని ల్యాండ్‌లైన్ నంబరు కదా, ఏ లోన్ యాప్‌వాళ్లో అనుకుని కట్ చేసేసి, సాయంత్రానికి నా దగ్గరికొచ్చి ఎవరూ పిలవడం లేదంటారు. ఉద్యోగం వెతుకుతున్నన్నాళ్లూ తెలియని నంబర్లు ఎత్తాల్సిందే. మెయిల్లో స్పామ్ ఫోల్డర్ రోజూ ఒకసారి చూడండి. ఈ మూడూ చూసుకోకుండా రెజ్యూమె మళ్లీ రాయించుకోవడానికి డబ్బు తగలేయకండి.

"నాకు ఇంగ్లీషు రాదు"

ఏ ఉద్యోగానికి? కాల్ సెంటర్‌కైతే కావాలి, అందులో దాపరికం లేదు. నాయుడుపేట, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ప్రొడక్షన్, క్వాలిటీ పనులకో, కృష్ణపట్నం పోర్టు చుట్టూ ఉండే లాజిస్టిక్స్ పనులకో, రొయ్యల ప్లాంటులో ల్యాబ్ పనికో వెళ్లేవాళ్లు భయపడాల్సింది ఇంగ్లీషుకి కాదు. "నీ ప్రాజెక్టులో నువ్వేం చేశావు?" అన్న ప్రశ్నకి. దానికి తెలుగులో కూడా జవాబు రాదు చాలామందికి. ఇంటర్నెట్‌లో దొరికిన సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీపట్టడం ఆపి, మీ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకోండి. ముందు తెలుగులో, తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో. మర్నాడు వినండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ మీకు తెలియనిది భాషా, విషయమా అన్నది మీకే తెలుస్తుంది.

"మూడేళ్లు గ్యాప్ ఉంది, ఇంక ఎవరు తీసుకుంటారు"

గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివినవాళ్ల మాట ఇది. 2018 నోటిఫికేషన్ తర్వాత మెగా డీఎస్సీ పరీక్షలు జరిగింది 2025లోనే. 2023 డిసెంబరులో ఇచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌కి మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న పెట్టారు. గ్యాప్ ఎలా వచ్చిందో ఆంధ్రాలో ఇంటర్వ్యూ చేసేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. రెజ్యూమెలో ఒక్క వాక్యం రాయండి: ఏ పరీక్షకి చదివారు, ఎంతవరకు వెళ్లారు, ఇప్పుడు ఎందుకు మానేశారు. గ్యాప్ కనిపించకుండా దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టడం మాత్రం వద్దు. వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు అడిగితే దొరికిపోతారు, వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది.

"ఈ కోర్సు ఒక్కటి అయిపోతే మొదలుపెడతా"

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. మిగతావన్నీ నాలుగు మాటలు మాట్లాడగానే బయటపడతాయి. ఇది పడదు, నన్ను కూడా చాలాసార్లు ఏమార్చింది.

బయటికి ఎలా కనిపిస్తుందంటే: కుర్రవాడు అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటాడు. మొదట జావా ఫుల్ స్టాక్, తర్వాత పైథాన్, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు క్లౌడ్. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ల్యాబ్, రాత్రి నోట్సు. టంగుటూరులో పొగాకు వేలం ముగియగానే నాన్న హాస్టల్ ఫీజు పంపుతాడు. ఊళ్లో ఎవరడిగినా "మావాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుంటున్నాడు" అని చెప్పుకుంటారు. వాడు సోమరి కాదు, తిరుగుబోతూ కాదు. అందుకే తప్పు ఎక్కడుందో ఇంట్లోవాళ్లకీ కనపడదు, వాడికీ కనపడదు.

పట్టుకునే పద్ధతి ఒకటుంది. ఏం నేర్చుకున్నావని అడగొద్దు, అరగంట చెబుతాడు. ఫోన్ తీసి, గడిచిన నెల రోజుల్లో అప్లై చేసిన ఉద్యోగాల జాబితా చూపించమనండి. మెయిల్లో సెంట్ ఫోల్డర్ తెరవమనండి. సర్టిఫికెట్లు ఆరు ఉన్నచోట అప్లికేషన్లు రెండు ఉంటాయి. అవి కూడా అర్ధరాత్రి బటన్ నొక్కి వదిలేసినవి.

అసలు కారణం భయమే. కోర్సు ఎవరినీ కాదనదు. డబ్బు కడితే కూర్చోబెట్టుకుంటుంది, చివర్లో సర్టిఫికెట్ ఇస్తుంది. అప్లికేషన్ కాదంటుంది, లేదా అసలు పలకనే పలకదు. కాదనిపించుకోవడం ఇష్టంలేని మనిషి చదువులో దాక్కుంటాడు, అది దాక్కోవడమని ఎవరూ అనరు. దీనికి తోడు ప్రకటనలు. ఒక ప్రకటనలో ఎనిమిది స్కిల్స్ రాసుంటాయి, వీడికి ఐదు వచ్చు. మిగతా మూడూ నేర్చుకునేలోపు వచ్చే ప్రకటనలో ఇంకో మూడు కొత్తవి ఉంటాయి. ఆ జాబితా కంపెనీవాళ్లు దొరికితే బాగుండని రాసుకున్న కోరికల పట్టీ. అందులో ప్రతిదీ ఉన్నవాడికే సీటు అని ఎక్కడా రాసుండదు. మనవాళ్లు మాత్రం దాన్ని హాల్ టికెట్ మీది నిబంధనల్లా చదువుతారు.

దీన్నుంచి బయటపడాలంటే కోర్సు మానక్కర్లేదు. అది నడుస్తుండగానే అప్లై చేయడం మొదలుపెట్టాలి. ఒకే రకం ఉద్యోగానికి వచ్చిన పది ప్రకటనలు తీసుకోండి. ఎక్కువ వాటిల్లో మళ్లీ మళ్లీ కనిపించేవి ఏవో గీత గీయండి. నేర్చుకోవాల్సింది అవే, మిగతావి వదిలేయండి. ప్రకటనలో అడిగినవి సగం వస్తే పంపేయండి. మొదటి రెండు మూడు ఇంటర్వ్యూలు మీరు చేరాలనుకోని కంపెనీల్లో ఇవ్వండి, పోతే పోయింది. బయటికి వచ్చాక బస్టాపులోనే, జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలు రాసుకోండి. మీ తర్వాతి సిలబస్ ఆ కాగితమే, ఇన్‌స్టిట్యూట్‌వాళ్ల పాంప్లెట్ కాదు.

నిజంగానే ఇంకా నేర్చుకోవాల్సినవాళ్లు కూడా ఉంటారు, లేరనను. మూడు ఇంటర్వ్యూల్లో ఒకే విషయం దగ్గర దొరికిపోతే అప్పుడు వెళ్లి ఆ విషయానికి కోర్సు కట్టండి. ఇంటర్వ్యూకి వెళ్లకముందే ఏది రాదో తేల్చుకున్నవాడి లెక్క మాత్రం నేను నమ్మను.

అమ్మానాన్నలకి ఒక మాట. "కోర్సు అయిందా?" అని అడగడం మానేసి "ఈ వారం ఎన్నిచోట్లకి పంపావు?" అని అడగండి. ఆడపిల్లల విషయంలో ఇదే జబ్బు ఎంబీఏ రూపంలోనో బీఈడీ రూపంలోనో వస్తుంది. పెళ్లి మాట కొన్నాళ్లు పక్కకు జరపడానికి ఆ సీటు పనికొస్తుంది, అది నాకు అర్థమవుతుంది. కానీ చదువుతూనే అప్లై చేసుకోమ్మా, అడ్డేముంది?

"రికమండేషన్ లేకపోతే రాదు"

ఎవరో ఎమ్మెల్యే లెటర్ గురించి అయితే మర్చిపోండి, ప్రైవేటు కంపెనీల్లో దానికున్న విలువ తక్కువ. రిఫరల్ వేరు, అంటే ఆ కంపెనీలో పనిచేసేవాళ్లే మీ పేరు పంపడం. అది చాలా కంపెనీలు పెట్టుకున్న పద్ధతే, చెప్పిన మనిషి ఉద్యోగంలో కుదిరితే పేరు పంపినవాళ్లకి కొన్నిచోట్ల కొంత డబ్బు కూడా ఇస్తారు. మీ సీనియర్‌కి మెసేజ్ పెట్టడం అడుక్కోవడమేమీ కాదు. "అన్నా, ఏదైనా ఉంటే చూడు" అని పెట్టకండి, జవాబు రాదు. ఉద్యోగం లింకు, రెజ్యూమె, రెండు ముక్కల్లో మీరెందుకు సరిపోతారో కలిపి పంపండి.

"ఇరవై వేలు కట్టండి, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం" అనేవాడు వస్తే గమ్మున ఉండొద్దు. రిజిస్ట్రేషన్ అనీ, ట్రైనింగ్ డిపాజిట్ అనీ, ల్యాప్‌టాప్ అనీ పేరేదైనా పెట్టనీ, ఉద్యోగం ఇస్తానంటూ డబ్బు అడిగితే అది మోసమే. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్లో పేరు నమోదుకి పైసా తీసుకోరు.

మిగతావి

బ్యాక్‌లాగులు క్లియర్ అయ్యాయి కదా, వదిలేయండి. "కంపెనీలన్నీ నన్ను బ్లాక్‌లిస్టులో పెట్టాయి" అనేది ఉత్త భ్రమ. జాతకం నా పరిధిలో లేదు.

అరుదైనదే అయినా ఆఫర్ వచ్చాక బాధపెట్టేది ఒకటి మాత్రం ఉంది: పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, పాన్‌లో ఇంకోలా. చేరే రోజున పీఎఫ్ నంబరు తీసేటప్పుడు దీని దగ్గరే ఆగిపోతుంది. ఆధార్‌లో పేరు మార్పుకి మామూలుగా జీవితంలో రెండుసార్లే అవకాశం. కాబట్టి మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించి, ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడే ఆ పని చేయించుకోండి.