పసిబిడ్డ ఒంటి మీద దద్దుర్లు: కారణం పట్టుకోవడం ఎలా?

పసిబిడ్డ ఒంటి మీద నాలుగు పొక్కులు కనబడితే మా కోనసీమ ఇళ్లలో జరిగేది ఒకటే. అమ్మమ్మ సున్నిపిండి మాన్పిస్తుంది. తల్లి సబ్బు మారుస్తుంది. తండ్రి మెడికల్ షాపుకి వెళ్లి ట్యూబు తెస్తాడు. పక్కింటావిడ వేపాకు నీళ్లు పొయ్యమంటుంది. సాయంత్రం దిష్టి తీస్తారు. నాలుగు రోజులకి దద్దురు తగ్గుతుంది గానీ ఎందుకు తగ్గిందో ఎవరికీ తెలీదు. రెండు వారాలకి మళ్లీ వస్తుంది, మళ్లీ అదే తంతు. ఏఎన్ఎంగా, అంటే ఊరి ఆరోగ్య నర్సుగా, లంక ఊళ్లు తిరుగుతూ ఇది చూసీ చూసీ విసిగి రాస్తున్నాను. కారణం పట్టుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఓపిక ఉండాలి, ఒక వరస ఉండాలి.

ఇంట్లో ఆగకూడనివి

మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీలకి చేరితే దద్దురు సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి వెళ్లండి. పెదాలు, కళ్లు వాచి ఊపిరి కష్టంగా తీస్తుంటే 108కి ఫోన్ చేయండి. నెల లోపు బిడ్డకి నీటి పొక్కులు రావడం, చర్మం పొరలుగా ఊడటం, తేనె రంగు పక్కు కట్టి చుట్టూ పాకడం, పాలు తాగకుండా మగతగా పడుండటం, ఇవన్నీ డాక్టరు చూడాల్సినవే. జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్లతో ఒళ్లంతా దద్దురు వస్తే తట్టు కావచ్చు. అమ్మవారు పోసిందని గదిలో దాచకండి, మీ ఆశా కార్యకర్తకి చెప్పండి.

ఇంకో పరీక్ష ప్రతి ఇంట్లోనూ తెలిసుండాలి. గాజు గ్లాసు పక్క భాగాన్ని మచ్చ మీద ఆనించి నొక్కి, గ్లాసులోంచి చూడండి. మామూలు దద్దురు నొక్కితే పాలిపోతుంది. చుక్క రంగు మారకుండా అలాగే కనబడుతుంటే చర్మం కింద రక్తం చిమ్మిందన్నమాట. డెంగీలోనూ, రక్తానికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడూ అలాంటి చుక్కలు వస్తాయి. జ్వరం కూడా ఉంటే రాత్రి పదైనా సరే బయల్దేరండి, తెల్లారనిద్దాం అనుకోవద్దు.

కావాల్సినవి

ఫోను, గాజు గ్లాసు, థర్మామీటరు, గోడ క్యాలెండరు, పెన్ను. అంతే. బిడ్డ గోళ్లు తీసేయండి. పొద్దున, సాయంత్రం కిటికీ వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా ఫొటో తీయండి. మన పిల్లల చామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా ఆనదు, నల్లబారినట్టో ఊదాగానో ఉంటుంది. అందుకని చేత్తో నిమిరి కూడా చూడండి: గరుకుగా ఉందా, ఉబ్బుగా ఉందా, తడిగా ఉందా?

కొత్తగా ఏ క్రీమూ కొనొద్దు. డాక్టరు చీటీ లేకుండా షాపులో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టీరాయిడ్, ఫంగస్ మందు కలిపి ఉంటాయి. స్టీరాయిడ్ పడగానే ఎరుపు, దురద తగ్గుతాయి కాబట్టి మందు పనిచేసిందనుకుంటారు. అది తామర అయితే లోలోపల పాకుతూ ఆకారం మారిపోతుంది, గజ్జి అయితే గుర్తు పట్టడానికి వీల్లేకుండా పోతుంది. పసివాళ్ల పల్చటి చర్మం ఇంకా పల్చబడుతుంది. డాక్టరు చూసి రాస్తే స్టీరాయిడ్ మంచి మందే. కారణం తేలకముందు రాస్తే అది సాక్ష్యాన్ని చెరిపేస్తుంది.

ఎక్కడ మొదలైంది?

బిడ్డ బట్టలన్నీ తీసి తల నుంచి పాదాల దాకా చూడండి. సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మెడ, వీపు, చంకల దగ్గర ఆవగింజలంత పొక్కులుంటే చెమటకాయలు. గాలి సోకుతుందని తలుపులేసి, బిడ్డకి టోపీ, మేజోళ్లు తొడిగి, కింద రబ్బరు షీటు పరిచే ఇళ్లలో పుష్య మాసంలోనూ ఇవి వస్తాయి. మెడ ముడత లోపల తడిగా ఎర్రగా ఉండి వాసన వస్తుంటే జారిన పాలు అక్కడ నిలిచాయని అర్థం.

డైపరు కట్టేచోట ఉబ్బెత్తు భాగాలు ఎర్రబడి ముడతలు శుభ్రంగా ఉంటే మూత్రం, విరేచనాల మంట. ముడతల లోపలే ఎర్రగా ఉండి చుట్టూ చిన్న చిన్న చుక్కలుంటే ఫంగస్, దానికి మందు కావాలి. నడుం చుట్టూ గీతలా ఉంటే తడి మొలతాడు గానీ ఎలాస్టిక్ గానీ.

అరచేతులు, అరికాళ్లు, వేళ్ల సందులు, చంకల్లో పొక్కులు వచ్చి రాత్రుళ్లు బిడ్డ నిద్రపోకపోతే, ఇంట్లో ఇంకెవరు గోక్కుంటున్నారో అడగండి. సిగ్గుపడి చెప్పరు, గుచ్చి అడగాలి. గజ్జి అయితే ఇల్లంతా ఒకే రోజు మందు రాసుకోవాలి. ఒక్కరు మానేసినా మళ్లీ బిడ్డకి వచ్చేస్తుంది.

ఒంటి మీద వాతలా పొడుగ్గా కమిలిన గీత కనబడితే మన వరి చేలని గుర్తు తెచ్చుకోండి. చీమలా సన్నగా, నలుపు నారింజ పట్టీలతో ఉండే పురుగు ఒకటి రాత్రిపూట ట్యూబులైటుకి వస్తుంది. అది కుట్టదు. ఒంటి మీద నలిగితే దాని రసం చర్మాన్ని కాలుస్తుంది, గీత మర్నాడో ఆ మర్నాడో తేలుతుంది. అందుకే ఎవరికీ పురుగు గుర్తు రాదు, ఎవరో వాత పెట్టారని గొడవలవుతాయి. ఉయ్యాల మీద లైటు తీసేయండి, దోమతెర కట్టండి, పురుగు వాలితే నలపకుండా ఊదేయండి. అలాగే మునగచెట్టు కింద పొత్తిబట్టలు ఆరేస్తే గొంగళిపురుగు నూగు అంటుకుంటుంది. ఆ బట్ట తగిలిన మేరకే దద్దురు ఉంటుంది.

ఎడమ భుజం మీద ఒక్కటే పొక్కు వచ్చి చీము పట్టిందా? బీసీజీ టీకా వేసిన కొన్ని వారాలకి అలా రావడం మామూలే. దాని మీద ఏమీ రాయకండి, పిండకండి.

వయసెంత, ఏం మారింది?

పుట్టిన రెండో మూడో రోజున ఎర్రటి మచ్చలు లేచి, మధ్యలో తెల్ల చుక్కలుంటే చాలావరకు వాటంతటవే పోతాయి. రెండు మూడు వారాలప్పుడు బుగ్గల మీద మొటిమల్లాంటివి రావడం మామూలే. మూడో నెల దాటాక బుగ్గలు పొడిబారి, దురదతో ఎర్రబడి, చేతుల మీదికీ కాళ్ల మీదికీ పాకితే ఎగ్జిమా ఏమో చూడాలి.

ఇక్కడే మన దగ్గర చాలా అన్యాయం జరుగుతుంది. పుట్టింటి నుంచి మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి తీసుకొస్తారు. ఎగ్జిమా బయటపడే వయసూ దగ్గరదగ్గరగా అదే. "అక్కడి నీళ్లు పడలేదండి" అని అమ్మమ్మ, "పుట్టింట్లో ఏం రాశారో" అని నాన్నమ్మ. రెండిళ్ల మధ్య మాట పట్టింపులు పెరుగుతాయి, తల్లి నలిగిపోతుంది. తల్లికో తండ్రికో ఉబ్బసం, ఎప్పుడూ తుమ్ములు, చిన్నప్పుడు ఎగ్జిమా ఉన్నాయేమో అడగండి. ఆ చర్మం ఎక్కడున్నా అలాగే ఉంటుంది.

అయితే నీళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయకండి. "ఏమీ మార్చలేదండీ, అన్నీ ఎప్పుడూ వాడేవేనండి" అని ప్రమాణం చేసి చెప్పే ఇళ్లలో మారింది నీళ్లేనని కనిపెట్టిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు వేసవిలో కట్టేస్తారు. అప్పటిదాకా కాలువ నీళ్లతో ఉతికినవాళ్లు బోరు నీళ్లకి మారతారు. సముద్రం వైపు ఊళ్లలో బోరు ఉప్పగా ఉంటుంది, సబ్బు నురగ రాదు. నురగ రాలేదని పొడి ఇంకో గుప్పెడు వేస్తారు, ఆ నీళ్లతోనే జాడిస్తారు. ఆరిన పొత్తిబట్ట చేతిలో నలిపితే అట్టలా గరగరమంటుంది, తెల్లటి పొడి రాలుతుంది. రోజంతా అది బిడ్డ ఒంటికి ఒరుసుకుంటూ ఉంటుంది. ఇలాంటి చోట ఎన్ని ట్యూబులు రాసినా దండగ. పొడి సగానికి తగ్గించి, చివరి జాడింపు మంచినీళ్లతో చేయండి.

కాబట్టి క్యాలెండరు తీసి దద్దురు మొదలైన రోజు దగ్గర గుండ్రం చుట్టి, అంతకుముందు రెండు వారాలు వెనక్కి నడవండి. బారసాల బట్టలు ఉతక్కుండా తొడిగారా? డైపరు సైజుతో పాటు కంపెనీ మారిందా? సున్నిపిండి కొత్తగా పట్టించారా? అందులో బావంచాలు వేశారా? బావంచాలకి ఎండ తగిలితే చర్మాన్ని కమిలించే గుణం ఉంది. మనం ఆ పిండితో నలిచి, స్నానం చేయించి, నేరుగా లేత ఎండలో పడుకోబెడతాం. ఏడాది లోపు బిడ్డకి సున్నిపిండే వద్దని నేను గట్టిగా చెబుతాను. పసివాడి ఒంటికి రాపిడితో పనేముంది?

ఒక్కటే ఆపండి

అందరూ పాడుచేసే మెట్టు ఇదే, నిదానంగా చదవండి.

అనుమానం ఉన్నవి నాలుగుంటే నాలుగూ ఒకేసారి ఆపాలనిపిస్తుంది. ఆపితే బిడ్డకి తగ్గుతుంది కూడా. కానీ నాలుగింట్లో దొంగ ఏదో తెలీదు. బిడ్డకి హాయిగా ఉందని పది రోజులకి ఒక్కొక్కటీ మళ్లీ ఇంట్లోకి వస్తాయి, దొంగా వాటితోపాటే వస్తుంది. అందుకని ఒక్కటే ఆపండి. 5 రోజులు ఆగండి. మూడు రోజుల్లో చర్మం సరిగ్గా చెప్పకపోవచ్చు, వారం ఆగమంటే ఏ ఇంట్లోనూ ఆగరు. అందుకే నేను 5 రోజుల లెక్క పెట్టుకున్నాను. ఆ 5 రోజులూ సబ్బు, నూనె, నీళ్లు, బట్టలు, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. బిడ్డకి మరీ బాధగా ఉంటే, తడి కారుతుంటే ఈ పరీక్ష మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఏం ఆపాలన్నదానికీ వరస ఉంది. ముందు ఒంటికి రాసేవి: పౌడరు, ఆ తర్వాత సున్నిపిండి, ఆ తర్వాత నూనె. పౌడరు బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి మళ్లీ ఎప్పటికీ తేవద్దు. రెండో వంతు వేడి: టోపీ, రబ్బరు షీటు, మూసిన కిటికీ. మూడు, ఉతికే పొడి, బట్టలు జాడించే నీళ్లలో పోసే యాంటీసెప్టిక్, వాసన ద్రావకం. నాలుగు, మొలతాడు, గజ్జెలు, దుప్పట్లు. తిండి అన్నిటికంటే చివర.

ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సింది. పాత దద్దురు మాయమైందా అని చూడకండి, దానికి ఇంకా టైము పట్టొచ్చు. కొత్త పొక్కులు రావడం ఆగిందా అన్నదే ప్రశ్న. ఫొటోలు పక్కపక్కన పెట్టి ఇదొక్కటే వెతకండి. కొత్తవి ఆగితే, ఒళ్లు బాగయ్యాక, ఆపినదాన్ని (పౌడరు, సున్నిపిండి తప్ప) ఒక్కసారి తిరిగి ప్రయత్నించండి, ఒంటికి రాసేదైతే మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోటే. ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తేలితే దొంగ దొరికినట్టే. తేలకపోతే తగ్గడం యాదృచ్ఛికం కావచ్చు, తర్వాతి దానికి వెళ్లండి.

తిండి విషయంలో మాత్రం ఇలా తిరిగి పెట్టి చూడకూడదు. అన్నప్రాశన తర్వాత గుడ్డో, ఆవుపాలో, వేరుశనగో పెట్టిన కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒళ్లంతా ఉబ్బు దద్దుర్లు లేస్తే మళ్లీ ఇంట్లో పెట్టొద్దు, డాక్టరు ఎదుటే తేలాలి. టమాటా చారు పెట్టాక మూతి చుట్టూ మాత్రమే ఎర్రబడితే అది పులుపు మంట, తుడిస్తే పోతుంది. కొత్త తిండి ఏదైనా ఒక్కోటే, పొద్దుటి పూట మొదలుపెట్టండి.

ఇంకో మాట కోపంగానే చెబుతున్నాను. బిడ్డకి దద్దురు వచ్చిందని బాలింత కంచంలోంచి వంకాయ, గుడ్డు, చేప, పప్పు తీసేయకండి. తల్లిపాలు తాగే బిడ్డకి తల్లి తిండి వల్ల దద్దురు రావడం అరుదు. దద్దురుతోపాటు విరేచనంలో రక్తమో జిగురో కనబడితే ఆ మాట డాక్టరుతో మాట్లాడాలి. కారప్పొడి అన్నం తిని, నీరసపడి, పాలు తగ్గిపోయి, టెన్షన్‌తో ఏడ్చే తల్లులని చూశాను. బిడ్డ చెమటకాయలకి ఆ తల్లి తిండికి ఏ సంబంధమూ లేదు.

నాన్నమ్మనీ అమ్మమ్మనీ కూర్చోబెట్టి ఈ 5 రోజుల సంగతి ముందే చెప్పండి. చెప్పకపోతే మీరు స్నానానికి వెళ్లినప్పుడు ప్రేమకొద్దీ ఏదో ఒకటి రాస్తారు. "మీరే క్యాలెండరులో రాయండి అత్తయ్యగారూ" అని పెన్ను చేతికిస్తే చాలు, ఆవిడే కాపలా కాస్తారు.

ఏదీ దొరకకపోతే

ఎగ్జిమాకి ఒక్క కారణం దొరకదు. పొడి చర్మం దాని తత్వం. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించి, ఒళ్లు తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయడమే దానికి ఆధారం. మందు డాక్టరు రాయాలి. వరసంతా అయినా కొత్త పొక్కులు వస్తూనే ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి. ఫొటోలు, క్యాలెండరు, వాడిన సబ్బు, పొడి, ట్యూబుల కవర్లు ఒక సంచిలో పట్టుకెళ్లండి. ఆ పొద్దున బిడ్డ ఒంటికి నూనె గానీ పసుపు గానీ రాయకండి, రాస్తే దద్దురు అసలు రంగు డాక్టరుకి కనబడదు.